లైసెన్సు సంగతి పోలీసుకు ముందే తెలుస్తుందా?

ఈ మధ్య మనవాళ్ళ పర్సుల్లో గ్రీన్‌ కార్డు పక్కన, కొందరికైతే సిటిజన్‌షిప్ వచ్చాక, మరో కార్డు చేరుతోంది. రాత్రి పదకొండింటికి గ్యాస్ స్టేషన్ మూసి నగదు సంచితో ఇంటికొచ్చేవాళ్ళు, ఊరి చివర మోటల్ నడిపేవాళ్ళు, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి చీకటి పార్కింగు గరాజులో ఒంటరిగా కారెక్కే డాక్టర్లు తీసుకుంటున్నారు దీన్ని. కన్సీల్డ్ క్యారీ లైసెన్సు. అంటే పైకి కనబడకుండా ఒంటిమీద తుపాకీ పెట్టుకు తిరగడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి.

ఇంట్లో తుపాకీ ఉండాలా వద్దా అన్న చర్చ జోలికి మేము పోవడం లేదు. ఆ చర్చ మన పాట్‌లక్ విందుల్లో చాలాసార్లే జరిగింది. పులిహోర చల్లారింది తప్ప తేలిందేమీ లేదు. మేము రాయబూనుకున్నది అంతకంటే చిన్న ప్రశ్న గురించి. రోడ్డు మీద పోలీసు మన కారు ఆపాడనుకోండి. మన దగ్గర ఆ లైసెన్సు ఉన్నట్టు అతనికెలా తెలుస్తుంది? మనం చెబితేనా, చెప్పకముందేనా? ప్రశ్న చిన్నదే. కానీ దాని జవాబు లైసెన్సు ఉన్న మనిషి ఒక్కడికి తెలిస్తే చాలదు. ఇంటిల్లిపాదికీ తెలియాలి. ఎందుకో ముందుముందు మీకే బోధపడుతుంది.

వెనక ఎర్రదీపం నీలిదీపం వెలిగాక పోలీసు చప్పున దిగి రాడు. రెండు మూడు నిమిషాలు తన బండిలోనే కూర్చుంటాడు. మనకది యుగంలా ఉంటుంది. ఆ సమయంలో అతను సాధారణంగా చేసే పని మన నంబరు ప్లేటును తన కంప్యూటరులో కొట్టడం, లేదా రేడియోలో డిస్పాచర్‌కు చదివి వినిపించడం. బండి దొంగిలించినదా, రిజిస్ట్రేషన్ గడువు ఉందా, యజమాని మీద వారంట్లేమైనా ఉన్నాయా అన్నవి వస్తాయి. ఒహాయో, నార్త్ కెరొలైనా వంటి కొన్ని రాష్ట్రాల్లో ఇంకో ముక్క కూడా వస్తుంది: ఈ బండి యజమానికి కన్సీల్డ్ క్యారీ లైసెన్సు ఉంది అని. ఒహాయోలో ఆ లైసెన్సు ఇచ్చేది కౌంటీ షెరీఫ్. ఆయన ఆ వివరాన్ని రాష్ట్ర పోలీసు కంప్యూటరు వ్యవస్థలో ఎక్కిస్తాడు. దాన్ని లీడ్స్ అంటారు. అక్కణ్ణించి అది యజమాని రికార్డుతో పాటు పోలీసు తెర మీదికి వస్తుంది.

మరికొన్ని చోట్ల ప్లేటుతో కాదు, డ్రైవింగు లైసెన్సుతో తెలుస్తుంది. టెక్సస్‌లో తుపాకీ లైసెన్సు ఇచ్చేది ప్రజాభద్రతా శాఖ. చాలా ఏళ్ళపాటు డ్రైవింగు లైసెన్సులు ఇచ్చిందీ ఆ శాఖే. కాబట్టి మన డ్రైవింగు లైసెన్సు నంబరు కొడితే తుపాకీ లైసెన్సు సంగతి కూడా కనబడుతుంది. మిషిగన్‌లోనూ అంతే, అక్కడి పోలీసు వ్యవస్థ పేరు లీన్. ఇలినాయ్‌లో 2013లో చట్టం వచ్చినప్పుడే లైసెన్సుదారుల జాబితా పోలీసులకు అందుబాటులో ఉండాలని అందులో రాశారు.

ఇక దేశం మొత్తానికీ కలిపి ఒక జాబితా ఉందా అంటే, లేదు. తుపాకీ యజమానుల జాతీయ రిజిస్టరు పెట్టకూడదని 1986లో కాంగ్రెస్ చట్టమే చేసింది. క్యారీ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇచ్చుకునేది. ఒక రాష్ట్రం పోలీసు ఇంకో రాష్ట్రాన్ని కంప్యూటరు ద్వారా అడిగే ఏర్పాటు ఉంది, కానీ అన్ని రాష్ట్రాలూ ఆ ప్రశ్నకు జవాబివ్వవు. అందువల్ల డాలస్‌లో మన గురించి తెలిసిన సంగతి డెలవేర్‌లో తెలియకపోవచ్చు. లేదా తెలియనే తెలియదని మనం అనుకున్న చోట తెలిసిపోవచ్చు.

ఇక్కడ మనవాళ్ళు సాధారణంగా పొరబడే చోటొకటి ఉంది. మన దేశంలో తుపాకీ లైసెన్సు అంటే 1959 ఆయుధ చట్టం కింద కలెక్టరో, నగరాల్లో పోలీసు కమిషనరో ఇచ్చేది. అందులో తుపాకీ రకం, నంబరు అన్నీ రాసి ఉంటాయి. అది ఆ తుపాకీకి జాతకం లాంటిది. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు మనిషికి, తుపాకీకి కాదు. న్యూయార్క్‌లో తుపాకీ వివరాలు కూడా ఎక్కిస్తారు గానీ, అలాంటివి తక్కువ. కాబట్టి పోలీసు తెర మీద కనబడేది ఈ మనిషికి అనుమతి ఉంది అన్న ఒక్క ముక్క. తుపాకీ ఇవాళ కారులో ఉందా, ఇంట్లో పెట్టెలో ఉందా, అసలు కొన్నాడా లేదా అన్నది ఆ తెరకు తెలియదు.

ఇంకో తిరకాసు. ప్లేటు చెప్పేది యజమాని గురించి, స్టీరింగు ముందున్న మనిషి గురించి కాదు. మన ఇళ్ళలో రెండు కార్లూ నాన్న పేరు మీదే ఉంటాయి. వాటిని అమ్మ నడుపుతుంది, పదహారేళ్ళ అమ్మాయి నడుపుతుంది. తండ్రికి లైసెన్సు ఉన్నట్టు ఆ పిల్లకు తెలియకపోవచ్చు కూడా, ఇలాంటివి పిల్లల దగ్గర ఎత్తడం మనకు అలవాటు లేదు కదా. స్పీడుగా వెళ్ళిందని ఆపిన పోలీసు మొదటి మాటే "కారులో తుపాకీ ఉందా?" అని అడిగితే ఆ పిల్ల గుండె ఆగినంత పనవుతుంది. తడబడుతుంది. ఆ తడబాటు పోలీసుకు ఇంకోలా కనిపించవచ్చు.

దాదాపు ఇలాంటిదే 2013 డిసెంబరు ఆఖరి రోజున మేరీలాండ్‌లో 95వ నంబరు హైవే మీద జరిగింది. ఫ్లోరిడాకు చెందిన ఒక కుటుంబం తిరిగి ఇంటికి వెళుతోంది. భర్తకు ఫ్లోరిడా లైసెన్సు ఉంది, తుపాకీ మాత్రం ఫ్లోరిడాలో ఇంట్లోనే ఉంది. పోలీసు ఆపి తుపాకీ ఎక్కడుందని అడిగాడు. పత్రికల్లో వచ్చిన ప్రకారం భర్త ఇంట్లో ఉందన్నాడు, భార్యను విడిగా అడిగితే కారులోనే ఉందేమో అన్నట్టు మాట్లాడింది. ఆవిడ అబద్ధమాడలేదు, ఆవిడకు తెలియదంతే. తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టుకుని రోడ్డు పక్కన కారంతా వెతికారు. తుపాకీ దొరకలేదు, లేదు గనక. ఆ పోలీసుకు లైసెన్సు సంగతి ఎలా తెలిసిందన్న దాని మీద ఆ తర్వాత పత్రికల్లో చాలా చర్చ నడిచింది. మాకు మాత్రం అందులో ముఖ్యంగా తోచింది భార్యాభర్తల మాటలు కలవకపోవడమే.

తెర ఒక్కటే దారి కాదు. కన్నొకటుంది. 1970లో ఫిలడెల్ఫియాలో గడువు తీరిన ప్లేటుతో వెళుతున్న ఒక కారును ఆపి డ్రైవరును దిగమన్నారు. దిగగానే కోటు కింద ఉబ్బెత్తుగా ఏదో కనబడింది, తడిమి చూస్తే రివాల్వరు. ఆ కేసు సుప్రీం కోర్టుదాకా వెళ్ళింది. న్యాయంగా ఆపిన బండిలోంచి డ్రైవరును కిందకి దిగమనే హక్కు పోలీసుకు ఉందని 1977లో తీర్పు వచ్చింది. దాన్నే పెన్సిల్వేనియా వర్సెస్ మిమ్స్ అంటారు. పక్కన కూర్చున్నవాళ్ళను కూడా దిగమనవచ్చని 1997లో మరో తీర్పు. కాబట్టి "నేనెందుకు దిగాలి?" అని వాదన పెట్టుకునేవాళ్ళు ఆ వాదన కోర్టులో ఎప్పుడో ఓడిపోయిందని గుర్తుంచుకోవాలి. కారణం లేకుండా కాగితాల కోసమే దారిన పోయే బండిని ఆపకూడదని 1979లోనూ, టికెట్టు పని అయ్యాక ఊరికే నిలబెట్టి ఉంచకూడదని 2015లోనూ అదే కోర్టు చెప్పింది. అవి మన పక్షాన ఉన్న తీర్పులు. కానీ వాటిని చెప్పుకోవలసింది కోర్టులో, రాత్రిపూట హైవే అంచున కాదు.

తెర ఇప్పుడు మునుపంత పనికి రాదని కూడా చెప్పాలి. లైసెన్సు లేకుండానే తుపాకీ పెట్టుకు తిరగనిచ్చే రాష్ట్రాలు 2024 నాటికి 29 అయ్యాయి. టెక్సస్ 2021 సెప్టెంబరు నుంచి, ఒహాయో 2022 జూన్ నుంచి, ఫ్లోరిడా 2023 జూలై నుంచి ఆ జాబితాలో చేరాయి. వెర్మాంట్‌లో అయితే మొదట్నించీ లైసెన్సన్న మాటే లేదు. ఇలాంటి చోట తెర ఖాళీగా ఉన్నంత మాత్రాన కారులో తుపాకీ లేదని ఏ పోలీసూ అనుకోడు. ప్రతి కారులోనూ ఉండవచ్చనే అనుకుని వస్తాడు. లైసెన్సుదారుకు ఇందులో ఒక లాభం ఉంది. అతని పేరు తెర మీద కనబడితే, వేలిముద్రలిచ్చి, నేరచరిత్ర పరీక్షలు దాటి వచ్చిన మనిషని పోలీసుకు అర్థమవుతుంది. అందుకే టెక్సస్‌లో కొందరు అవసరం లేకపోయినా లైసెన్సు వదులుకోవడం లేదు.

మూడో దారి మన నోరు. దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి, చట్టాలు పక్కపక్క రాష్ట్రాల్లోనే వేరుగా ఉన్నాయి గనక.

మిషిగన్‌లో తుపాకీ ఒంటిమీదో కారులోనో ఉండగా పోలీసు ఆపితే, అడక్కముందే వెంటనే చెప్పాలి. చెప్పకపోతే మొదటిసారి 500 డాలర్ల జరిమానా, ఆరు నెలలు లైసెన్సు రద్దు. ట్రాయ్, నోవై వైపున్న మన సభ్యులు గుర్తుంచుకోవలసిన సంగతి. నార్త్ కెరొలైనాలోనూ అంతే, పోలీసు దగ్గరికి రాగానే చెప్పాలి. న్యూజెర్సీలో 2022 డిసెంబరు చట్టంతో ఈ విధి వచ్చింది. ఒహాయోలో ఇంతకు ముందు అడక్కుండానే చెప్పాలని ఉండేది, 2022 జూన్ నుంచి అడిగితే నిజం చెప్పాలి అని మార్చారు. ఇలినాయ్‌లోనూ అడిగితేనే. టెక్సస్‌ది ఇంకో పద్ధతి. పోలీసు గుర్తింపు కాగితం అడిగినప్పుడు, తుపాకీ దగ్గరుంటే, డ్రైవింగు లైసెన్సుతో పాటు ఆ కార్డు కూడా చూపించాలి. చూపించకపోతే ఉండే శిక్షను 2009లో తీసేశారు గానీ నియమం మిగిలే ఉంది. చట్టసభలు వీటిని తరచు మారుస్తుంటాయి కాబట్టి, ప్రయాణం కట్టే ముందు దారిలో వచ్చే ప్రతి రాష్ట్రం సంగతీ తెలుసుకోవాలి.

"వెంటనే చెప్పాలి" అని రాయడం తేలిక. 2011 జూన్‌లో ఒహాయోలోని కాంటన్‌లో ఒక డ్రైవరు చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా పోలీసులు మాట్లాడవద్దన్నారు. చివరికి చెప్పగలిగేసరికి, ముందే ఎందుకు చెప్పలేదని ఒక పోలీసు చంపేస్తానన్నంత కోపంతో విరుచుకుపడ్డాడు. పోలీసు కారు కెమెరాలో అంతా ఉంది, దేశమంతా చూసింది. చెప్పలేదన్న నేరారోపణ తర్వాత నిలబడలేదు.

చెప్పినా ప్రాణం పోయిన ఘటన అందరికీ తెలిసిందే. 2016 జూలై 6న మిన్నెసోటాలోని ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో కాస్టీల్ కారును ఆపారు. బ్రేకు దీపం వెలగడం లేదన్నది పోలీసు అతనికి చెప్పిన కారణం. ఒక దోపిడీ నిందితుడి పోలిక ఉందన్నది రేడియోలో తోటివాళ్ళతో అన్న మాట. కాస్టీల్‌కు లైసెన్సు ఉంది. మిన్నెసోటాలో అడక్కపోతే చెప్పనక్కర్లేదు. అయినా అతను మర్యాదగా, తన దగ్గర తుపాకీ ఉందని చెప్పాడు. తర్వాత క్షణాల్లో పోలీసు ఏడుసార్లు కాల్చాడు. కారులో అతని స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ళ కూతురు ఉన్నారు. 2017 జూన్‌లో జూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది. కాస్టీల్ నల్లవాడు. మన ఒంటి రంగు చీకట్లో ఏ రంగుగా కనబడుతుందో మేము చెప్పనక్కర్లేదు.

ఆ కేసు తర్వాత లైసెన్సు క్లాసుల్లో నేర్పే మాట ఒకటుంది: తుపాకీ అన్న మాట మొదట రానివ్వకండి. మొదట లైసెన్సు అనండి. తుపాకీ ఎక్కడుందో చెప్పండి, చేత్తో చూపించకండి. ఏం చేయమంటారని అడగండి. ఈ మాటలు ఇంగ్లీషులో నోటికి వచ్చేదాకా ఇంట్లో నాలుగుసార్లు అనుకోవడంలో నామోషీ లేదు. కంగారులో మనకు ముందు తెలుగే వస్తుంది. భార్యాభర్తలు ఇద్దరూ ఒకేసారి తెలుగులో మాట్లాడుకుంటుంటే బయటి పోలీసుకు అది రహస్య మంతనంలా ఉంటుంది.

మన అలవాట్లు ఇంకా రెండున్నాయి. మన ఊళ్ళో పోలీసు బండి ఆపితే, కాగితాలు పట్టుకుని మనమే దిగి జీపు దగ్గరికి నడుస్తాం. అది మర్యాద. ఇక్కడ తలుపు తీసి దిగి పోలీసు వైపు నడవడం బెదిరింపుగా లెక్క. రెండోది, ఆయన్ని కాచుకోబెట్టడం ఎందుకని గబగబా గ్లవ్ బాక్స్ తెరిచి ఇన్సూరెన్సు కాగితం వెతకడం. తుపాకీ కూడా ఆ గ్లవ్ బాక్స్‌లోనే ఉంటే అంతకన్నా ప్రమాదం లేదు. కాగితాలు సన్‌వైజర్ దగ్గర, తుపాకీ వేరే చోట ఉంచాలి. చీకటైతే లోపలి దీపం వేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, పిలిచేదాకా ఊరుకోవడం మేలు. ఆ కాసేపూ తుపాకీ నా దగ్గర పెట్టుకుంటాను అని పోలీసు అనవచ్చు. తన భద్రతకు అవసరమని నమ్మితే అలా తీసుకునే అధికారాన్ని టెక్సస్ చట్టం స్పష్టంగా ఇచ్చింది. తీసుకోవలసింది అతనే, మనం తీసి ఇవ్వకూడదు.

రాష్ట్రం గీత దాటితే నిజాయితీ కూడా కాపాడదు. 2013 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు చెందిన ఇద్దరు పిల్లల తల్లిని న్యూజెర్సీలో లేన్ సరిగా మారలేదని ఆపారు. తన దగ్గర తుపాకీ ఉందని, పెన్సిల్వేనియా లైసెన్సు కూడా ఉందని ఆమే చెప్పింది. న్యూజెర్సీ ఏ ఇతర రాష్ట్రపు లైసెన్సునూ ఒప్పుకోదు. అక్కడికక్కడే అరెస్టు. మూడేళ్ళకు పైగా జైలు తప్పదేమో అన్నంతదాకా పోయి, చివరికి 2015 ఏప్రిల్‌లో గవర్నరు క్షమాభిక్షతో బయటపడింది. న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియాల మధ్య మనవాళ్ళు ఎంత తిరుగుతారో తెలిసిందే. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి శుక్రవారం సాయంత్రం ఎడిసన్‌లో బయల్దేరేవాళ్ళెందరో. అలాంటి ప్రయాణంలో తుపాకీ ఇంట్లో వదిలేయడం అన్నిటికన్నా తేలిక. తప్పదంటే, 1986 ఫెడరల్ చట్టం చెప్పినట్టు, గుళ్ళు తీసేసి, తుపాకీ, గుళ్ళు చేతికందకుండా ట్రంకులో తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. అదీ రెండు చివర్లా చట్టబద్ధమైన చోటి నుంచి చోటికి వెళ్ళేటప్పుడే పనికొస్తుంది.

ఇక మన కుటుంబాలకే ప్రత్యేకమైన సంగతి. ఇది ఏ లైసెన్సు క్లాసులోనూ గట్టిగా చెప్పరు. వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్‌ వన్‌ బీ ఉద్యోగులు, వాళ్ళ హెచ్‌ ఫోర్ భార్యలు లేక భర్తలు, చదువుకునే ఎఫ్ వన్ పిల్లలు, బీ టూ మీద వచ్చిన అమ్మానాన్నలు, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నాయి, అంతే. ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 2022లో పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళకు పెంచారు. గ్రీన్‌ కార్డు ఉన్నవాళ్ళు ఉంచుకోవచ్చు, కానీ తుపాకీ చట్టం కింద శిక్షపడితే ఆ గ్రీన్‌ కార్డే పోయి దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది. న్యూజెర్సీ సరిహద్దులో ఆ తల్లికి దొరికిన క్షమాభిక్ష అలాంటప్పుడు ఎంతవరకు ఆదుకుంటుందో లాయరునే అడగాలి.

చట్టంలో దగ్గర ఉంచుకోవడం అంటే జేబులో ఉండటమే కాదు. తెలిసి, చేతికందే చోట, తన అదుపులో ఉన్నా సరిపోవచ్చు. ఇది ఎలా ముంచుకొస్తుందో చూడండి. అన్నకు సిటిజన్‌షిప్ ఉంది, లైసెన్సు ఉంది, సీటు కింద తుపాకీ ఉంది. హెచ్‌ వన్‌ మీద కొత్తగా వచ్చిన తమ్ముడు, "అన్నయ్యా, కారోసారి తీసుకెళ్ళొస్తా" అని తాళాలు పట్టుకెళ్ళాడు. దారిలో ఆపారు. తెర మీద యజమాని లైసెన్సు కనబడింది. కారులో తుపాకీ ఉందా అని అడిగారు. అప్పుడు ఆ తమ్ముడు ఏం చెప్పినా చిక్కే. ఉందంటే తెలిసి దగ్గర పెట్టుకున్నట్టు, లేదంటే అబద్ధమాడినట్టు.

అందుకని లైసెన్సున్న ఇళ్ళలో కారు తాళాలు ఇంకొకరి చేతికిచ్చే ముందు తుపాకీ తీసి ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేయాలి. విజయవాడ నుంచి ఆరు నెలలకు వచ్చిన మామగారు కాలక్షేపానికి కొట్లో కూర్చుంటానంటే, కౌంటరు కింద అరలో ఏముందో ముందు చూసుకోవాలి. పదహారేళ్ళ పిల్లకు మాత్రం, డ్రైవింగు లైసెన్సు చేతికొచ్చిన రోజునే, "ఈ బండి నాన్న పేరు మీద ఉంది, ప్లేటు కొడితే నాన్న లైసెన్సు సంగతి రావచ్చు, నువ్వు ఖాళీ కారే నడుపుతున్నావు, అడిగితే అదే చెప్పు" అని చెప్పి పంపాలి.